ముస్తఫా నహాస్ పాషా

ముస్తఫా నహాస్ పాషా (జూన్ 15, 1879 - ఆగష్టు 23, 1965) ఈజిప్టు దేశపు ప్రముఖ రాజకీయ నాయకుడు, మాజీ ప్రధానమంత్రి. నైలు డెల్టాలోని సమన్నూద్‌లో జన్మించాడు. న్యాయమూర్తిగా పనిచేస్తూ వఫ్ద్ స్వాతంత్ర్యోద్యమంలో చేరి ఉద్యోగం కోల్పోయాడు. 1921లో నాయకుడు సాద్ జగ్లూల్‌తో పాటు ప్రవాస శిక్షకు గురై సీషెల్స్ దీవులకు చేరాడు. 1927లో జగ్లూల్ మరణానంతరం వఫ్ద్ పార్టీకి అధ్యక్షుడయ్యాడు.

1928 మొదలు పలుమార్లు ప్రధాని అయ్యాడు. పార్లమెంటులో ఆధిక్యత ఉన్నా రాజులు ఆయనను పదేపదే తొలగించారు. 1936లో బ్రిటన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1942 ఫిబ్రవరి 4న బ్రిటిషు ట్యాంకులు ఆబిదీన్ రాజభవనాన్ని చుట్టుముట్టగా, ఫారూక్ రాజు విధిలేక ఆయననే ప్రధానిగా నియమించాడు. బ్రిటిషు వారిని ఎదిరించి ఎదిగిన నాయకునికి ఆ పదవి మాయని మచ్చ అయింది.

1951 అక్టోబరులో ఆ 1936 ఒప్పందాన్ని తానే రద్దు చేయించాడు. 1952 జనవరి 26న కైరో నగర దహనం జరిగిన మరునాడే రాజు ఆయనను తొలగించాడు. అదే ఏడాది సైనిక విప్లవం వచ్చింది. 1953లో పార్టీలన్నీ రద్దు కావడంతో నహాస్ రాజకీయ జీవితం ముగిసింది. అయినా 1965లో ఆయన అంత్యక్రియలకు కైరోలో జనం పెద్దసంఖ్యలో తరలివచ్చారు.