సర్ జాఫ్రీ డి హావిలాండ్

1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా టపా సంచులతో కరాచీలో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానమున దిగెను. అచ్చటినుండి ఆ టపాను నెవిల్ వింసెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చెను. ఆనాటి చెన్నపురి రాజధానిలో బళ్ళారి తెలుగువారికి పరాయి ఊరు కాదు. ఉత్తరకాలమున ఎయిర్ ఇండియాగా పెరిగిన సంస్థకు ఇదియే పురుడు. టాటా స్వయముగా నడిపిన ఆ చిన్న విమానము పేరు పుస్ మాత్. దానిని నిర్మించిన సంస్థ అధిపతి సర్ జాఫ్రీ డి హావిలాండ్.

మాత్ అనగా శలభము. మన కవులకు శలభము దీపశిఖపై పడి మాడిపోవు అల్పజీవి. డి హావిలాండునకు మాత్రము అది చిన్ననాటినుండి సేకరించి పరిశీలించిన ప్రీతిపాత్రమైన జీవి. కనుకనే తన విమానములకు జిప్సీ మాత్, పుస్ మాత్, టైగర్ మాత్ అని శలభముల పేర్లు పెట్టుకొనెను.

ఆయన 1882 జూలై 27న ఇంగ్లండులో హై వికొంబ్ పట్టణ సమీపమున ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించెను. ఇంజనీరింగు విద్య ముగించి కొంతకాలము మోటారు కంపెనీలలో పనిచేసినను ఆ ఉద్యోగములు ఆయనకు రుచింపలేదు. విమానమును నిర్మింపవలెనను కోరిక పుట్టినది. దానికి కావలసిన వెయ్యి పౌనులను మాతామహుడు ఇచ్చెను. ఫ్రాంక్ హెర్ల్ అను మిత్రుడు మెకానిక్కుగా తోడు నిలిచెను. రెక్కలకు వలసిన బట్టను భార్య లూయీ కుట్టిపెట్టెను. 1909 చివర సెవెన్ బారోస్ అను పచ్చిక బయలులో ఆ యంత్రము నేల విడిచిన కొన్ని క్షణములకే కూలి ముక్కలైనది. ఇంజను మాత్రము మిగిలినది. దానికే మరియొక విమానము అమర్చి, 1910లో అదే బయలున ఎగిరెను. ఎగురుట నేర్పుటకు గురువు లేడు. తాను కట్టిన యంత్రముపై తానే నేర్చుకొనెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఎయిర్‌కో అను సంస్థలో ఆయన రూపొందించిన యుద్ధవిమానములు వేలకొలది తయారైనవి. 1919 ఆగస్టు 25న లండన్, పారిస్ నగరముల మధ్య నిత్య సర్వీసు మొదలైనప్పుడు ఎగిరినది ఆయన సృష్టియే. యుద్ధము ముగియగానే ఆర్డర్లు ఆగిపోయి ఎయిర్‌కో క్షీణించెను. 1920లో ఆయన స్టాగ్ లేన్ అను చోట సొంత కంపెనీని స్థాపించెను. 1925లో వెలువడిన మాత్ విమానము ఆ కంపెనీని నిలబెట్టినది. కొయ్యతో చేసినది, రెక్కలు మడిచి కొద్దిపాటి చోటున పెట్టుకొనవచ్చును. ఫ్లయింగ్ క్లబ్బులు దానిని ఆదరించినవి.

రెండవ ప్రపంచయుద్ధమున ఆయన కంపెనీ నిర్మించిన మస్కిటో విమానమును కూడ కొయ్యతోనే చేసిరి. కీర్తి వచ్చినది, 1944లో సర్ బిరుదము వచ్చినది. కాని ఆ సంవత్సరములే ఆయన ఇంటిని దహించినవి. ముగ్గురు కుమారులలో జాన్ 1943లో, రెండు మస్కిటోలు గాలిలో ఢీకొనగా మరణించెను. పెద్దవాడైన జాఫ్రీ కంపెనీకి ప్రధాన టెస్టు పైలట్. 1946 సెప్టెంబరు 27న ఆయన నడుపుచున్న డి.హెచ్. 108 జెట్ విమానము థేమ్స్ నదీముఖముపై ముక్కలైపోయెను. లూయీ ఆ దుఃఖమునుండి తేరుకొనక 1949లో కన్నుమూసెను.

తండ్రి పనిని విడువలేదు. ఇతరులు ప్రొపెల్లరు విమానములనే మెరుగుపరచుచుండగా, ఆర్. ఇ. బిషప్ నాయకత్వమున డి హావిలాండ్ డిజైనర్లు ప్రయాణికుల జెట్ విమానమును రూపొందించిరి. అదియే కామెట్. అది మొదట ఎగిరిన 1949 జూలై 27 ఆయనకు అరువదియేడవ జన్మదినము. 1952 మే 2న బి.ఓ.ఏ.సి. వారు దానిని లండన్ నుండి జొహానెస్‌బర్గునకు నడపిరి. జెట్ విమానమున టిక్కెట్టు కొని ప్రయాణించుట ప్రపంచమున అదే మొదలు. గంటకు నాలుగువందల యేబది మైళ్ళకు మించిన వేగము. తుపాను మేఘములను దాటిన ఎత్తు. కుదుపు లేని ప్రయాణము. అమెరికాలోని పాన్ అమెరికన్ సంస్థ సైతము కామెట్ల కొరకు ఆర్డరు పెట్టినది.

సరిగా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్ నుండి లేచిన కామెట్ కొద్ది నిమిషములకే గాలివానలో ముక్కలై నలుబది ముగ్గురు మరణించిరి. భారతదేశమున జరిగిన విచారణలో ప్రచండమైన గాలి తాకిడినో, పైలట్ చేతిలో అధికమైన ఒత్తిడినో కారణముగా తలచిరి. 1954 జనవరి 10న ఎల్బా ద్వీపముకడ మరియొకటి సముద్రమున కూలి ముప్పది యైదుగురు మరణించిరి. మొదటి ప్రయాణికులను జొహానెస్‌బర్గునకు చేర్చినది ఈ విమానమే. కొన్ని మార్పులు చేసి మార్చి నెలలో సర్వీసులను పునఃప్రారంభించిరి. రెండు వారములు దాటెనో లేదో, ఏప్రిల్ 8న నేపుల్స్ వైపు మరియొకటి పడిపోయెను. కామెట్ల అనుమతి రద్దైనది.

ఫార్న్‌బరో పరిశోధనశాలలో సర్ ఆర్నాల్డ్ హాల్ బృందము ఒక కామెట్ చుట్టూ పెద్ద నీటితొట్టి కట్టి, విమానము లోపలను నీరు నింపి, పీడనమును మరల మరల పెంచి తగ్గించినది. ఎత్తునకు పోయి దిగిన ప్రతిసారి విమానపు రేకు ఉబ్బి కుదించుకొనును. తీగను ఒకేచోట పలుమారులు వంచిన తెగును గదా! నిజముగా ఎగిరినవి 1,221, తొట్టిలో 1,836, మొత్తము 3,057 మారులకు రేకు పగిలెను. పగులు ఒక కిటికీ మూల కడ మొదలైనది. ఎల్బాకడ దొరికిన శకలములలో అది పైకప్పున రేడియో ఏరియల్ కొరకు కోసిన రంధ్రము మూల కడ కనబడినది. చతురస్రపు కిటికీలే దోషమని లోకము క్లుప్తముగా చెప్పుకొనును. అసలు సంగతి అంత తేలిక కాదు. కంపెనీవారును పరీక్షించియే యుండిరి. వారి నమూనా భాగము పదునారు వేల మారులకు మించి ఓర్చుకొన్నది. అయితే అదే భాగమును అంతకుముందు అధిక పీడనమునకు గురిచేసి యుండుటవలన దాని లోహము బలపడి, లేని ధైర్యమును కల్పించినది. లార్డ్ కోహెన్ విచారణసంఘము వ్యక్తులపై నేరము మోపలేదు.

పరిశోధన ఫలితములు రహస్యముగా ఉండిపోలేదు. పోటీదారులకు సైతము అవి అందినవి. డి హావిలాండ్ సంస్థ ఈ విషయమున చూపిన నిజాయితీ వ్యాపారదృష్టితో చూచిన ఆత్మహానియే. బలపరచిన కామెట్ 4 1958 అక్టోబరు 4న అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా ప్రయాణికుల సర్వీసు నడిపిన మొదటి జెట్ అయినది. మూడు వారములకు పాన్ అమెరికన్ వారి బోయింగ్ 707 వచ్చినది. అది కామెట్ కంటె చాల ఎక్కువ మందిని మోయగలదు. ఒక్కొక్క సీటుకు పడు ఖర్చు తగ్గినప్పుడు విమాన కంపెనీలు దేనిని కొనునో చెప్పనక్కరలేదు. పుస్ మాత్‌తో పుట్టిన ఎయిర్ ఇండియా సైతము 1960లో బోయింగులతోనే జెట్ యుగమున ప్రవేశించెను. అదే సంవత్సరమున డి హావిలాండ్ కంపెనీ హాకర్ సిడ్లీ సంస్థలో లీనమయ్యెను.

1962లో ఆయనకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ లభించెను. 1965 మే 21న ఆయన మరణించెను. చితాభస్మమును విమానమునుండి సెవెన్ బారోస్ బయలుపై చల్లిరి.