ఇల్లు చక్కబెట్టని రాజు

అలెగ్జాండర్ పేరు మనమందరం చిన్ననాడు బడిలో విన్నదే. జీలం ఒడ్డున పురుషోత్తముడితో ఆయన చేసిన యుద్ధం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే ఆ సైన్యాన్ని తయారుచేసి పెట్టింది ఆయన తండ్రి, మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్.

గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోనియాను ఆర్గియడ్ వంశీయులు పాలించేవారు. ఆ వంశంలో క్రీ.పూ. 382లో ఫిలిప్ జన్మించాడు. చిన్నతనంలో అతణ్ణి థీబ్స్ నగరంలో సుమారు మూడేళ్ళు పూచీకింద ఉంచారు. ఆ రోజుల్లో గ్రీసులోకెల్లా మేటి సైన్యం థీబ్స్ వారిదే. కుర్రవాడు అన్నీ కనిపెట్టాడు.

క్రీ.పూ. 359లో అతని అన్న పెర్డిక్కస్ ఇల్లీరియన్లతో పోరాడి, 4,000 మంది సైనికులతో సహా నేలకూలాడు. రాజ్యభారం 23 ఏళ్ళ ఫిలిప్ మీద పడింది. నాలుగు వైపులా శత్రువులే. ఒకరికి డబ్బిచ్చాడు, ఒకరికి మాటిచ్చాడు, మరొకరితో వియ్యమందాడు. ఈలోగా తన కాల్బలానికి సుమారు 18 అడుగుల పొడవైన ఈటెలిచ్చి, గోడలా కదిలే సైన్యంగా తీర్చిదిద్దాడు. పాంగైయన్ కొండల బంగారంతో బొక్కసం నింపాడు. మెథోన్ ముట్టడిలో కుడికన్ను పోయినా వెనుకంజ వేయలేదు. క్రీ.పూ. 338లో ఖైరోనియా వద్ద ఏథెన్స్, థీబ్స్ సేనలను ఓడించాడు. మరుసటి ఏడు స్పార్టా తప్ప ముఖ్యమైన గ్రీకు నగరాలన్నీ అతని నాయకత్వంలో ఒక్కటయ్యాయి.

బయట ఇంత చక్కబెట్టినవాడు ఇంటిని మాత్రం చక్కబెట్టలేకపోయాడు. ఆ ఏడే ఏడవ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళి విందులోనే వారసత్వం మాట వచ్చి తండ్రీకొడుకులు తగవుపడ్డారు. అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌ను వెంటబెట్టుకుని దేశం విడిచి వెళ్ళాడు. తర్వాత రాజీ కుదిరినా మనసులు కలవలేదు. క్రీ.పూ. 336లో ఏగై నగరంలో, కూతురి పెళ్ళి వేడుకల్లో, అంగరక్షకుడు పాసానియాస్ ఫిలిప్‌ను పొడిచి చంపాడు.

ఆపైన కొత్త భార్యనూ, ఆమె పసిబిడ్డనూ చంపించారు. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ కూడా వారసుణ్ణి స్థిరపరచకుండానే కన్నుమూశాడు. సుమారు క్రీ.పూ. 310 నాటికి అతని కుమారుణ్ణీ హతమార్చారు. ఫిలిప్ పోయిన ముప్ఫై ఏళ్ళలోపే వంశం నామరూపాల్లేకుండా పోయింది.

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, నామినేషన్ కాగితం నింపకుండా కాలం చేసినవారి భార్యాబిడ్డలు ఆఫీసు మెట్లెక్కి దిగడం చాలాసార్లు చూశాను. ఫిలిప్ కథ చదివినప్పుడల్లా వారే కళ్ళముందు మెదులుతారు. సంపాదించిపెట్టడం ఒక ఎత్తు, మన తర్వాత ఎవరికేదో మనముండగానే తేల్చిపెట్టడం మరో ఎత్తు.