ఒకే రొట్టె: బిషప్ అజరయ్యగారి జీవితము

చదువవలసిన వాక్యభాగము: 1 కొరింథీయులకు 10:16-17, 11:17-34



ప్రభువు బల్లయొద్దకు మనము ఒంటరిగా రాము, సహోదరులతో కూడి వచ్చెదము. ఈ సత్యమును జీవితమంతయు బోధించిన దైవజనులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

వీరు 1874 ఆగస్టు 17న తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతములో, వెళ్లాలన్‌విలై అను పల్లెలో జన్మించిరి. తండ్రి సంఘగురువు. 1909లో వీరు నైజాము రాజ్యములోని దోర్నకల్లుకు సువార్తికులుగా వచ్చి, తెలుగు నేర్చి, మన ప్రజలలో ఒకరైరి.

1910లో ఎడిన్‌బరో పట్టణమున జరిగిన మిషనరీ మహాసభలో వీరు ధైర్యముగా ఒక మాట చెప్పిరి. దొరలు మన దేశమునకు ఎంతో త్యాగము చేసిరి గాని, తమతో పనిచేయు భారతీయులను సమానులుగా చూచి స్నేహము చేయుట లేదని ఎత్తి చూపిరి. ఆ మాట అనేకులకు నొప్పి కలిగించెను. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో వీరే ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిరి.

దొరలను అడిగినదానినే వీరు పల్లెలలోను అడిగిరి. సంఘములో చేరినవారిలో అనేకులు మాలలు, మాదిగలు. వీరి వాడలు వేరు, బావులు వేరు. ఒకరింట ఒకరు భుజింపరు. అయితే ప్రభువు బల్ల ఒక్కటే. సంఘములో కులభేదమునకు చోటు లేదని అజరయ్యగారు బోధించిరి. జొన్నలు ఏ చేనిలో పండినను, తిరుగలిలో పడి పిండియైన తరువాత ఏ గింజ ఎవరిదో చెప్పగలమా? మన రొట్టె అట్టిదే.

మిషనుల భేదమును కూడ వీరు సహింపలేదు. పాలమూరులో 1885లో ఛూట్ దొరగారు, నల్లగొండలో 1890లో ఫ్రీసెన్ దొరగారు బాప్తిస్టు పని ప్రారంభించిరి. తరువాత మెన్నోనైటు సహోదరులు వచ్చిరి. మరి కొన్నిచోట్ల వెస్లియనులు, లూథరనులు పనిచేసిరి. అందరి ప్రభువు ఒక్కడే గాని, ఒకరి బల్లలో మరియొకరు పాలుపొందుట కష్టమాయెను. 1919లో తరంగంబాడిలో కూడిన సేవకులతో కలిసి అజరయ్యగారు సంఘైక్యతకు పిలుపునిచ్చి, కడవరకు ప్రయాసపడిరి. ఫలము చూడకముందే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మన జిల్లాల బాప్తిస్టు, మెన్నోనైటు సంఘములు అందులో చేరలేదు. అయినను అజరయ్యగారి హెచ్చరిక అందరికిని చెందును.

కొరింథులో కలిగినవారు ముందుగా తిని త్రాగిరి. లేనివారు ఆకలితో నుండిరి. అది ప్రభువు భోజనము కాదని పౌలు గద్దించెను. తన్ను తాను పరీక్షించుకొనుమని చెప్పినది ఈ సందర్భముననే. మనమో, త్రాగుడును అబద్ధమును తలచి పరీక్షించుకొందుము గాని, పక్కవాడలోని విశ్వాసి ఇంట పెండ్లి భోజనము తినుటకు వెనుదీసిన సంగతి తలంచుచున్నామా? గట్టు తగవుతో మాటలాడని అన్నదమ్ములు ఒకే గిన్నెలోనిది త్రాగి, మరల వేరు దారులను ఇంటికి పోవుచున్నారు గదా!

కాబట్టి వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము రాత్రి, మీరు అడుగుపెట్టని ఆ యింటికి వెళ్లుడి. వారు పెట్టినది భుజించుడి. మరునాడు వారితో కూడ బల్లయొద్దకు రండి.

ప్రార్థన: ప్రభువా, నీ బల్లయొద్ద మమ్మును కూర్చినట్లే మా యిండ్లలోను కూర్చుము. ఆమేన్.