ఆన్ వాళ్ళ నాన్న

సంచికకి ఏదైనా రాయమని కార్యదర్శి అడిగినప్పుడు, మన బడిలో ఒక్క మార్కు ప్రశ్నగా పరిచయమైన మనిషి గురించి రాస్తానన్నాను. ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు మమ్మల్ని బస్సులో యానాం తీసుకెళ్ళారు. ఫ్రెంచివాళ్ళు 1954లోనే వెళ్ళిపోయినా, కాగితాల మీద అప్పగింత పూర్తయింది 1962 ఆగస్టు 16న అని, అప్పుడు ఫ్రాన్సు అధ్యక్షుడు జనరల్ డిగాల్ అని చెప్పారు. పరీక్షలో రాసేశాం, మర్చిపోయాం.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన జీవిత చరిత్ర చేతికొచ్చింది. యుద్ధాల కోసం మొదలుపెట్టాను గాని, ఆయన మూడో బిడ్డ దగ్గర ఆగిపోయాను.

చార్లెస్ డిగాల్ 1890 నవంబరు 22న లీల్ పట్టణంలో పుట్టారు. నిష్ఠగల కాథలిక్ కుటుంబం. తండ్రి హెన్రీ పారిస్‌లో జెస్విట్ ఫాదర్ల బడిలో పంతులు. కొడుకూ అక్కడే చదివాడు. పంతులుగారి అబ్బాయికి తరగతిలో ఎంత సుఖమో మనలో కొందరికి తెలుసు! మొదటి ప్రపంచ యుద్ధంలో మూడుసార్లు గాయపడి, 1916 మార్చిలో వెర్డన్ దగ్గర జర్మన్లకు చిక్కారు. ముప్పై రెండు నెలల ఖైదులో అయిదుసార్లు పారిపోవాలని చూసి, అయిదుసార్లూ దొరికిపోయారు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి ఎక్కడని దాక్కుంటాడు?

1921లో ఇవాన్‌తో పెళ్ళయింది. ఒక కొడుకు, ఒక కూతురు, ఆ తర్వాత 1928 జనవరి 1న ఆన్. ఆ పాపకి డౌన్ సిండ్రోమ్. అప్పట్లో అలాంటి పిల్లల్ని ఎక్కడో ఆశ్రమంలో వదిలెయ్యడం, చుట్టాలకి కూడా చూపించకపోవడం మామూలే. వీళ్ళు ఇంట్లోనే పెంచుకున్నారు. పాపకి ప్రశాంతంగా ఉంటుందని 1934లో కొలొంబే అనే పల్లెలో ఇల్లు కొన్నారు. మిగతా పిల్లల ముందు కూడా బిగుసుకుని ఉండే ఆ తండ్రి, ఆన్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాటలు పాడేవాడు. తన మిలటరీ టోపీ ఆమె చేతికిచ్చి ఆడుకోనిచ్చేవాడు.

1940 జూన్‌లో ఫ్రాన్సు కూలిపోతుంటే ఆయన లండన్ చేరి, 18న రేడియోలో పోరాటం ఆగదని ప్రకటించారు. అదే రోజుల్లో ఇవాన్ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని బ్రిటనీ తీరం నుంచి ఓడలో ఇంగ్లండుకి దాటింది. ఆన్‌కి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ సెప్టెంబరులోనే పాండిచ్చేరి ప్రభుత్వం డిగాల్ పక్షాన చేరింది. అంటే మన యానాం కూడా ఆయన వెనకే నిలబడిందన్నమాట. మాస్టారు ఈ ముక్క చెప్పలేదు!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకొక చెల్లి ఉంది. ఆన్ లాంటిదే. పదేళ్ళు కలిసి చదివిన మీలో ఎవరికీ తెలీదు. మీరు మా గుమ్మం దాకా వస్తే నేనే బయటికొచ్చి, సందు చివర నిలబడి మాట్లాడి పంపేసేవాణ్ణి. అమ్మకి ఒంట్లో బాగోలేదనేవాణ్ణి. అమ్మ లోపలినుంచి వింటూనే ఉండేది.

ఆన్ ఇరవై ఏళ్ళకే, 1948 ఫిబ్రవరి 6న న్యుమోనియాతో పోయింది. అప్పటికే ఆ దంపతులు అలాంటి ఆడపిల్లల కోసం పారిస్ దగ్గర ఆమె పేరిట ఒక సంస్థ పెట్టారు. డిగాల్ యుద్ధ జ్ఞాపకాల పుస్తకాల మీద వచ్చిన రాయల్టీ దానికే ఇచ్చారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

1959లో అధ్యక్షుడయ్యారు. అధ్యక్ష భవనంలో తన కుటుంబం వాడే కరెంటుకి వేరే మీటరు పెట్టించుకుని సొంత డబ్బుతో బిల్లు కట్టారు. ముప్పై ఏళ్ళుగా విద్యుత్ శాఖలో ఉన్నవాణ్ణి, ఇలాంటి దరఖాస్తు నా బల్ల మీదకి ఒక్కటీ రాలేదు! భక్తుడే అయినా, అధికార హోదాలో వెళ్ళిన దివ్యబలిపూజల్లో సత్ప్రసాదం తీసుకునేవారు కాదు, రాజ్యం మతానికి అతీతమని. ఆయనలో అన్నీ మెచ్చుకోలేను. మొండివాడు. అల్జీరియాకి 1962లో స్వాతంత్ర్యం వచ్చేలోగా చాలా నెత్తురు పారింది. 1969 ఏప్రిల్ 27న ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోగానే, మర్నాడే కొలొంబే ఇంటి నుంచే గద్దె దిగిపోయారు.

1970 నవంబరు 9న ఆ ఇంట్లోనే పోయారు. నేను పుట్టిందీ ఆ ఏడే. వీలునామా 1952లోనే రాసిపెట్టారు: ప్రభుత్వ లాంఛనాలు వద్దు, మంత్రులు వద్దు, ఊరి చర్చిలో ప్రార్థన చాలు, ఆన్ పక్కన పూడ్చండి, రాయి మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు తప్ప ఏమీ చెక్కొద్దు. దేశాధినేతలంతా పారిస్ నోత్రదామ్‌లో కూర్చుని ఉంటే, ఇక్కడ ఊరి కుర్రాళ్ళు శవపేటిక మోశారు. 1979లో ఇవాన్ కూడా అక్కడికే చేరింది.

మా అమ్మానాన్నా పోయాక చెల్లి నా దగ్గరే ఉంటోంది. స్వర్ణోత్సవం రోజున మా ఇంటి నుంచి ముగ్గురం వస్తున్నామని కార్యదర్శికి చెప్పాను. మైకు చప్పుడంటే తనకి భయం. కుర్చీలు కాస్త వెనక వరసలో వెయ్యమన్నాను.