జాన్ స్కాట్ హాల్డేన్

స్కాట్లండునందలి ఎడింబరో నగరమున 1860వ సంవత్సరము మే నెలలో జాన్ స్కాట్ హాల్డేన్ జన్మించెను. 1884లో వైద్యపట్టమును పొందియు ఆయన రోగుల నాడి పట్టి కూర్చుండలేదు. గాలి నాడిని పట్టెను. డండీ పట్టణమున రాత్రివేళ పేదల యిరుకు గదులకు పోయి, నిద్రించువారి నడుమ సీసాలతో గాలిని పట్టి తెచ్చి పరీక్షించెడివాడు. పిదప ఆక్స్‌ఫర్డు చేరెను.

మూసిన గదిలో మనుష్యు డేల ఉక్కిరిబిక్కిరి యగును? ప్రాణవాయువు తరుగుటచేతనా, బొగ్గుపులుసు వాయువు పెరుగుటచేతనా? ఇది తేల్చుటకు హాల్డేన్ తానే గాలి చొరని పెట్టెవంటి గదిలో గంటల తరబడి కూర్చుండెను. బొగ్గుపులుసు వాయువు నూటికి మూడు పాళ్లు కాగానే ఊపిరి బరువెక్కెను. ఆరు పాళ్లకు రొప్పును తలనొప్పియు పట్టుకొనెను. ఆ వాయువును సున్నపు మందుతో పీల్చివేసినచో, ప్రాణవాయువు తరుగుచున్నను రొప్పు రాలేదు. ఇందలి భయంకరమైన విషయమును గమనింపుడు. ప్రాణవాయువు తరుగుట మనకు తెలియనే తెలియదు. హెచ్చరిక లేకయే స్పృహ తప్పును. 1905లో ఆయన ప్రీస్ట్లీతో కలిసి, మన ఊపిరిని నడపునది ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువే యని నిరూపించెను.

1896 జనవరి 27న వేల్సునందలి టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు సంభవించి 57 మంది మరణించిరి. హాల్డేన్ శవములను పరీక్షించి, పెక్కుమంది పేలుడు తాకిడివలన గాక, పిదప వ్యాపించిన కార్బన్ మోనాక్సైడు విషమువలన చనిపోయిరని తేల్చెను. మనుష్యునికంటె ముందుగా సొమ్మసిల్లు చిట్టెలుకలను, కానరీ పిట్టలను గనిలోనికి తీసికొనిపొమ్మని సలహా యిచ్చెను. బ్రిటిషు గనులలో ఆ పిట్టలు 1986 వరకు కొలువు చేసినవి.

పాత గనులలో మరియొక చెడుగాలి పేరుకొనును. హాల్డేన్ లెక్కించగా అందు నత్రజని సుమారు 87 పాళ్లు, బొగ్గుపులుసు వాయువు 13 పాళ్లు తేలినవి. బొగ్గుపులుసు వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. కావున అది గుంటలలో, తొట్ల అడుగున, పాడుబడ్డ బావులలో నిలిచిపోవును. రంగు లేదు; వాసన లేదు. నూటికి పది పాళ్లు దాటినచో కొద్ది నిమిషములలో స్పృహ పోవును. పడినవానిని లేవనెత్తబోయి వంగినవాడును పడును. ఒక్కరితో పోవలసిన ప్రాణము ఇద్దరు ముగ్గురితో పోవుట ఇందుచేతనే. పాతబావిలోనికి మనవారు ముందుగా దీపమును దింపి చూచుట తెలివైన పనియే. కాని మండెడి వాయువున్న చోట ఆ దీపమే మృత్యువగును. నేడు ఆ పనికి కొలత యంత్రములు గలవు.

మండెడి వాయువు తేలికది. గని కప్పునంటి యుండును. హాల్డేన్ తన కుమారుడు జాక్‌ను ఒక గనిలో నిలువబెట్టి షేక్‌స్పియరు నాటకమునందలి ప్రసంగమును వల్లింపు మనెను. కొంతసేపటికి బాలుని కాళ్లు తడబడి క్రింద పడెను. నేలయొద్ద గాలి మంచిదగుటచే తేరుకొనెను. తండ్రి పాఠము చెప్పిన తీరు కఠినమే!

1915లో జర్మనులు యుద్ధమున విషవాయువు వదలినప్పుడు హాల్డేన్ ఫ్రాన్సుకు పోయి, రక్షణ ముసుగుల తయారీకి తోడ్పడెను. 1936 మార్చిలో, పారశీక, ఇరాకు దేశముల చమురు కర్మాగారములలో వడదెబ్బను పరిశీలించి వచ్చిన కొలది దినములకే ఆక్స్‌ఫర్డున మరణించెను. నాడు గనిలో పడిన బాలుడే జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువునకై అప్పగించిరి.