మూసీకి చీర పెట్టిన రాజు: మా నాయనమ్మ చెప్పిన మహబూబ్ పాషా

లాల్‌దర్వాజా బోనాల వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. ముస్లిం రాజు మన అమ్మవారికి చీర పెట్టడమేంటి, నిజంగా జరిగిందా అని. వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పేశా గానీ, ఆ కథ నాకు మా నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చింది. కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నాయనమ్మ మాటల్లో ఎప్పుడూ ముగ్గురు మగవాళ్లే ఉండేవారు. వాళ్ల నాన్న, మా తాత, ఆరో నిజాం మహబూబ్ పాషా. మూడో ఆయన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఎక్కువసార్లు తలచుకున్నది ఆయన్నే.

మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టారు. 1869లో తండ్రి పోతే, రెండున్నరేళ్ల పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం నడిపింది సాలార్‌జంగ్. 1884లో వైస్రాయ్ రిప్పన్ వచ్చి పూర్తి అధికారం అప్పగించాడు. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పడం నాకిష్టం లేదు. వేట పిచ్చి ఉండేది, తీస్‌మార్‌ఖాన్ అన్న పేరు ఆయనకే వచ్చిందని పాతబస్తీలో చెప్పుకుంటారు. విలాసాలకి లెక్కే లేదు. జాకబ్ వజ్రం బేరమైతే కోర్టు దాకా పోయింది. అయినా పాము కరిస్తే ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని జనం నమ్మేవారు. ఒక రాజు మీద జనానికి అంత నమ్మకం ఊరికే వస్తుందా?

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగింది. పదిహేను వేలమంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, చూడనివాళ్లు వెళ్లి చూడండి. నాయనమ్మకి అప్పుడు పదేళ్లు. ఇల్లు కోల్సావాడిలో, నదికి ఆనుకునే. తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టుకి చేర్చిన నాన్న, బియ్యం మూట కోసమని వెనక్కి పోయాడట. మళ్లీ రాలేదు.

గుడి దగ్గర చెప్పే కథ ఇదీ. దివాన్ మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద నిజాం, బంగారు చేటలో పసుపు కుంకుమ, ముత్యాలు, పట్టుచీర పెట్టి మా సింహవాహిని అమ్మవారి దగ్గర పూజ చేయించి, మూసీలో వదిలారు. నీళ్లు తగ్గాయి. ఇక్కడి బోనాల వైభవం అప్పట్నుంచే అంటారు. ఇది తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన మాట, నేనూ అలాగే చెప్తున్నా. రాజు తన మహల్ తలుపులు తెరిపించి, ఇల్లు పోయినవాళ్లకి చోటిచ్చి, గంజి కేంద్రాలు పెట్టించిన సంగతి మాత్రం చరిత్రలో ఉంది.

నాయనమ్మకి చేట కథ కన్నా ఆ గంజే ముఖ్యం. వాళ్లమ్మ, తమ్ముడు, తను రోజుల తరబడి ఆ వరుసలోనే నిలబడ్డారు. కులం, మతం ఎవరూ అడగలేదని చెప్పేది. నాన్న ముఖం పోనుపోను మసకబారిందట, వేడి గంజి గిన్నె మాత్రం చివరిదాకా గుర్తుంది. ఇంట్లో అన్నం పెట్టే మగదిక్కు పోయిన రోజుల్లో అన్నం పెట్టింది పాషాయే కదా, అనేది. తాతకి ఈ మాట నచ్చేది కాదు పాపం!

ఆ వరద బాధే తర్వాత విశ్వేశ్వరయ్యని ఇక్కడికి రప్పించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిందాకా పాషా లేరు. 1911 ఆగస్టులో, నలభై అయిదేళ్లకే ఫలక్‌నుమాలో కన్నుమూశారు. మక్కా మసీదులో సమాధి చేశారు. అప్పటికి నాయనమ్మ లాల్‌దర్వాజాకి కొత్త కోడలు. ఆ పూట మా గల్లీలో చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించలేదని చెప్పేది.

బోనాల మర్నాడు ఘటం ఊరేగింపు శాలిబండ మీదుగా చార్మినార్ దాటి నయాపూల్‌కి పోతుంది. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నడిచేదాన్ని. డప్పులు, పోతరాజులు, తోపులాట. మక్కా మసీదు ముందుకు రాగానే నాయనమ్మ ఒక్క క్షణం ఆగి, కొంగు తలమీదికి లాక్కుని, మళ్లీ ఘటం వెనకాల నడిచేది.