క్లాస్‌రూమ్ నుంచి టీవీల కంపెనీకి.. తెరపై తొలి అక్షరం చూపించిన జపాన్ మాస్టారు ఈయనే!

ఫోన్‌లో ఒక్క టచ్ చేస్తే వీడియో ఆడుతోంది. కానీ దాదాపు వందేళ్ల కిందట తెర మీద ఒకే ఒక్క అక్షరం కనిపించడానికి జపాన్‌లో ఓ మాస్టారు రెండేళ్లు కష్టపడ్డారు. ఆయన పేరు కెంజిరో టకయనాగి.

1899లో హమామత్సు ప్రాంతంలో పుట్టారు. టోక్యోలో టెక్నికల్ కోర్సు పూర్తి చేసి, 1921లో టీచర్ ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లోనే ఓ ఫ్రెంచ్ మ్యాగజైన్‌లో ఒక బొమ్మ చూశారు. రేడియో పెట్టె, దానికో ఫ్రేమ్, అందులో పాట పాడుతున్న మనిషి. అంతే, అది ఆయన బుర్రలో తిష్ట వేసింది. 1924లో హమామత్సు హయ్యర్ టెక్నికల్ స్కూల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరగానే, దృశ్యాన్ని వైర్ లేకుండా దూరానికి పంపడంపై పరిశోధన మొదలుపెట్టారు. అప్పటికి జపాన్‌లో రేడియో ప్రసారాలే లేవు. అవి వచ్చింది 1925లో!

1926 డిసెంబర్ 25న ప్రయోగం ఫలించింది. మైకా పలక మీద రాసిన జపనీస్ అక్షరం ‘ఇ’ పిక్చర్ ట్యూబ్ మీద కనిపించింది. మనకు అ, ఆ లు ఎలాగో, వాళ్ల పాత ‘ఇరోహా’ వరుసలో అది మొదటి అక్షరం. బొమ్మలో ఉన్నవి 40 గీతలే. పైగా చూపించే వైపు మాత్రమే ఎలక్ట్రానిక్. పంపే వైపు చిల్లులున్న చక్రం గిర్రున తిరగాల్సిందే. రెండు వైపులా ఎలక్ట్రానిక్ అయిన టీవీని 1927లో అమెరికాలో ఫిలో ఫార్న్స్‌వర్త్ సాధించారు. ఆ ఘనత ఆయనకే ఇవ్వాలి.

1937లో టకయనాగిని ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పిలిచింది. 1940 టోక్యో ఒలింపిక్స్‌ను టీవీలో చూపించాలన్నది ప్లాన్. కానీ యుద్ధం కారణంగా ఒలింపిక్సే రద్దయ్యాయి. తర్వాత ఆయన నౌకాదళం కోసం పని చేయాల్సి వచ్చింది. 1945లో జపాన్ ఓడిపోయాక, ఆక్రమణ సేనల అధికారులు టీవీ పరిశోధనను ఆపించేశారు. ఇరవై ఏళ్ల శ్రమ మూలన పడింది.

అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. మళ్లీ పాఠాలు చెప్పుకుంటూ బతికేయొచ్చు. కానీ 1946లో తన శిష్యులను, సహచరులను వెంటబెట్టుకుని గ్రామఫోన్లు, రికార్డులు తయారుచేసే జేవీసీ కంపెనీలో చేరారు. ఆ కంపెనీదీ యుద్ధంలో దెబ్బతిన్న పరిస్థితే. కొనేవాళ్లు కాదు కదా, దేశంలో టీవీ స్టేషనే లేని రోజులవి. అసలైన రిస్క్ అంటే ఇదే.

1953 ఫిబ్రవరి 1న ఎన్‌హెచ్‌కే టీవీ ప్రసారాలు ప్రారంభించింది. మొదటి రోజుకు చందాదారులు కేవలం 866 మంది. టకయనాగి మాత్రం టీవీ సెట్ దగ్గరే ఆగిపోలేదు. 1959లో జేవీసీ రెండు హెడ్లతో వీడియో టేప్ రికార్డర్ తయారుచేసింది. రికార్డర్ ఇంట్లో పట్టేంత చిన్నది కావడానికి ఆ పద్ధతే దారి చూపింది. తర్వాత ఆయన కంపెనీ వైస్ ప్రెసిడెంట్ కూడా అయ్యారు.

1976లో అదే కంపెనీ నుంచి వీహెచ్ఎస్ వచ్చింది. అదేనండీ, ఒకప్పుడు మన ఊళ్లలో వీసీఆర్‌తో పాటు అద్దెకు తెచ్చుకున్న ఆ నల్ల క్యాసెట్! దాన్ని తెచ్చిన టీమ్‌ను నడిపించింది షిజువో టకానో. ఆయన చదివింది ఎక్కడో తెలుసా? టకయనాగి పాఠాలు చెప్పిన ఆ హమామత్సు స్కూల్లోనే.

1981లో జపాన్ ప్రభుత్వం టకయనాగిని ‘ఆర్డర్ ఆఫ్ కల్చర్’తో గౌరవించింది. 1990 జులై 23న, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.